ఒళ్ళో పెట్టె

మా తూనికల శాఖలో అన్నిటికన్నా విలువైనది ఆఫీసరు గారి కుర్చీ కాదు, నేను నడిపే జీపూ కాదు. ఒక టేకు పెట్టె. అందులో సర్కారు బాట్లు ఉంటాయి. వర్తకుల తూకపు రాళ్ళు, కాటాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆ బాట్లతో పోల్చి తేలుస్తారు. లోపల మఖమల్ గుడ్డలో ఒక్కో బాటుకు ఒక్కో గుంట. వాటిని చేత్తో ముట్టుకోరు. చెమట అంటితే బరువు మారుతుందట. పట్టకారుతో తీసి, పని కాగానే తోలుగుడ్డతో తుడిచి, మళ్ళీ దాని గుంటలో దాన్ని పడుకోబెడతారు.

ఆ పెట్టెను బండిలో నేల మీద పెట్టకూడదు. సీటు మీదా పెట్టకూడదు. కుదుపులకు బాట్లు గుంటల్లో రాసుకుని అరుగుతాయి. అరిగితే పెద్ద ల్యాబుకు పంపాలి. అవి తిరిగొచ్చేదాకా మా పరిధిలో తూకాలకు అడ్డూ ఆపూ ఉండదు. అందుకని ఎప్పటినుంచో ఒక వాడుక ఉంది. పెట్టెను మనిషి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. దెబ్బ ఏదైనా ఉంటే ముందు మోకాళ్ళు తినాలి, ఆ తర్వాతే పెట్టె.

మా బండిలో ఆ మోకాళ్ళు ఒక ఆడమనిషివి. ఆమె ఫీల్డ్ అసిస్టెంటు. మార్కెట్లలో వర్తకులు ఆమెను పెట్టెమ్మ అంటారు. వాళ్ళని చూసి మేమూ అలాగే అంటున్నాం. పెట్టె మూడేళ్ళ పిల్లంత బరువు ఉంటుంది. పిల్లయితే కాసేపటికి నిద్రపోయి మెత్తబడుతుంది. టేకు మెత్తబడదు.

ఏళ్ళ తరబడి ఆమెను వెనక అద్దంలో చూస్తున్నాను. రోడ్డు మీద గొయ్యి రాబోయే ముందు ఆమె మడమలు లేపి మునివేళ్ళ మీద ఆనుకుంటుంది. అప్పుడు భుజాలు కాస్త పైకి లేస్తాయి. గొయ్యి దాటాక దిగుతాయి. కొత్త రోడ్డయితే నేనే ముందు చూస్తాను. పాత రోడ్డయితే గొయ్యి సంగతి నాకు ఆమె భుజాలు చెప్పాల్సిందే. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా "మెల్లిగా పోనియ్యి" అనలేదు. నేను అడగనూ లేదు. మా ఇద్దరికీ మాటలు తక్కువ.

మార్కెట్లు ఊరికి దూరం. పొద్దున వెళ్తే కాటాలన్నీ చూసి, ముద్రలు వేసి తిరుగు ప్రయాణం కట్టేసరికి ఐదు దాటుతుంది. ఐదు దాటాక స్టీరింగు పట్టుకున్నందుకు నాకు ఓవర్‌టైము వస్తుంది. నా వెనక పెట్టె పట్టుకున్న మనిషికి రాదు. ఎందుకు రాదని ఆమె అడగలేదు. నాకూ తోచలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు నా చెక్కు నాకు వస్తోంది, నేను ఊరుకున్నాను.

ఆమె అడిగే రోజు వచ్చింది.

ఆ సాయంత్రం పెట్టెను ఆఫీసులో అప్పగించి, ఆమెను ఇంటి దగ్గర దింపాను. "మంచినీళ్ళు తాగి వెళ్ళన్నా" అంటే మెట్లెక్కాను. ఆమెకు ఉన్నది ఒక్క తమ్ముడే. ముప్పై దాటిన మనిషి. మూర్ఛ వస్తుంది. ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఒంటరిగా వదిలేయలేం. పగలంతా కింద దర్జీ కొట్లో కూర్చుని కాజాలు కుడతాడు, గుండీలు వేస్తాడు. ఐదింటికి దర్జీ కొట్టు మూస్తాడు. అక్కడినుంచి అక్క వచ్చేదాకా పక్క వాటాలో ఉండే పిన్నిగారు వచ్చి అతని దగ్గర కూర్చుంటుంది. ఆ గంటలకు పెట్టెమ్మ తన జీతంలోంచి ఇస్తుంది.

ఆ రోజు పిన్నిగారు చెప్పులు వేసుకుని గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మాయీ, ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఆసుపత్రిలో ఆయా పని ఇస్తామంటున్నారు. సాయంత్రం షిఫ్టు. వచ్చే నెల మొదటి తారీకున చేరమన్నారు."

"వాళ్ళు ఎంతిస్తామన్నారు పిన్నీ?"

పిన్నిగారు చెప్పింది. పెట్టెమ్మ తలవంచుకుని చీర కుచ్చెళ్ళకు అంటిన దుమ్ము దులుపుకుంది.

"నేనూ అంతే ఇస్తాను."

"ఎక్కడినుంచి తెస్తావే? ఇప్పుడిచ్చేదే నీ కూరల డబ్బులోంచి మిగిల్చి ఇస్తున్నావు. నేను చూడటం లేదా? నాకూ పొయ్యి వెలగాలి కదా తల్లీ."

లోపలినుంచి తమ్ముడు కేకేశాడు. "అక్కా, నన్ను ఆ ఆశ్రమంలో చేర్పించెయ్యి. పూటపూటా వేడివేడిగా పెడతారట. నీ చేతి వంటకంటే ఏదైనా నయమే."

"నోరు ముయ్యిరా."

"మూస్తాను గానీ, ఒక్క సందేహం తీర్చు. పిన్ని నా దగ్గర కూర్చుంటే అది పని. నువ్వు పెట్టె దగ్గర కూర్చుంటే అది పని కాదు. అంటే నాకంటే ఆ పెట్టె బుద్ధిమంతురాలనా?"

పిన్నిగారు నవ్వింది. నేనూ నవ్వాను. పెట్టెమ్మ నవ్వలేదు. గ్లాసు నా చేతికిచ్చి, తమ్ముడి వంక అలాగే చూస్తూ నిలబడింది. ఆశ్రమం ఊరవతల ఉంది. అందులో వేసినవాళ్ళను నెలకోసారి చూడనిస్తారు. ఆ మాట తమ్ముడికీ తెలుసు. అందుకే అంత గట్టిగా నవ్వించాడు.

మర్నాడే ఆమె అర్జీ పెట్టింది. ఐదు తర్వాత పెట్టెను ఒళ్ళో మోసుకొస్తున్న సమయాన్ని పనిగా లెక్కగట్టమని నాలుగు ముక్కలు రాసింది. ఆఫీసులో దాన్ని చూసి జోకులేశారు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, ఈమె కూర్చునే కొండ కడతానంటోంది" అన్నాడు గుమస్తా.

జవాబు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మా ఆఫీసరు గారు చెడ్డ మనిషి కాదు. కింది వాళ్ళను తిట్టడు. చేతికొచ్చిన కాగితం చివర ఏదో ఒకటి రాసి పంపకపోతే ఆయనకు అన్నం సహించదు. మా జీపెక్కిన మనిషీ కాదు, ఆయనకు కారుంది. బండి కదలకముందు పెట్టెమ్మ ఆ జవాబు నాకిచ్చింది. "చదువన్నా." నాది పల్లెటూరి బడి చదువు. ఒక్కో అక్షరం పట్టుకుని చదివాను.

"సాయంత్రము ఐదు గంటల తరువాత సదరు ఉద్యోగిని వాహనములో కూర్చొని ఉండుట తప్ప ఎట్టి విధులూ నిర్వహించుట లేదు. అట్టి కూర్చొనుట విశ్రాంతిగా పరిగణించబడును. కావున అర్జీ తిరస్కరించడమైనది."

"ఎట్టి విధులూ అని రాశారు" అన్నాను.

"ఆ. ఎట్టి విధులూ." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అన్నం క్యారియరు సంచీలో వేసుకుంది. "పోనియ్యన్నా."

ఆ రోజంతా అద్దంలో చూస్తే దవడ బిగించి ఉంది. ఆ సంగతి ఆ సాయంత్రం తమ్ముడికి చెప్పాను. అతను గుండీకి దారం ఎక్కిస్తూ అన్నాడు. "మొండివాడు రాజు కన్నా బలవంతుడట. మొండిదాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఎదురుపడిన వాడెవడూ మిగల్లేదేమో."

తారీకు దగ్గర పడుతోంది. కూరగాయల టోకు మార్కెట్టులో తూకంలో మోసం జరుగుతోందని పైనుంచి మందలింపు వచ్చింది. ఆఫీసరు గారు తానే స్వయంగా వెళ్ళి చూస్తానన్నారు. సరిగ్గా అప్పుడే ఆయన కారు షెడ్డుకు పోయింది. మా జీపెక్కారు.

ఆ రోజు పెట్టెమ్మ పనిలో వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. కాటా తర్వాత కాటా చూసింది. ఒక లావుపాటి ఉల్లిపాయల వర్తకుడి కాటా పళ్ళెం అడుగున మైనం అంటించి ఉంటే వేలితో తడిమి పట్టుకుంది. ఆఫీసరు గారు అక్కడికక్కడే దానికి సీలు వేయించారు. ఆయనకు సంతోషం వేసింది. "మా శాఖ నిద్రపోవడం లేదని తెలియాలి వీళ్ళకి" అన్నారు నాతో.

ఐదింటికి మార్కెట్టు సైరను కూసింది. అప్పటికే పెట్టెమ్మ బాట్లన్నీ తుడిచి సర్ది, తాళం వేసి, లక్క సీలు వేసింది. పెట్టెను ఆఫీసరు గారి ముందున్న రాతి బల్ల మీద పెట్టి, తాళంచెవి పక్కన పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుంది.

"పదండి వెళ్దాం" అన్నారు ఆయన.

"పదండి సార్."

"పెట్టె తీసుకో మరి."

"ఐదయింది సార్."

"అయితే?"

ఆమె సంచీలోంచి కాగితం తీసి, మడతలు విప్పి, ఆయనకు చూపించింది. "ఇక నాకు ఎట్టి విధులూ లేవు సార్. మీరే సెలవిచ్చారు. కూర్చోవడమే."

ఆయన ముందు నవ్వారు. ఆమె నవ్వకపోయేసరికి ఆపారు. "ఏమమ్మా, పరాచికాలా? మెమో ఇవ్వాల్సి వస్తుంది."

"ఇవ్వండి సార్. విశ్రాంతి తీసుకుంటోందని రాసి ఇవ్వండి."

గొంతు పెంచలేదు. కట్టుకున్న చేతులు విప్పలేదు. ఆయనకు తెలియదు గానీ నాకు తెలుసు. ఆ ఉద్యోగం పోతే పిన్నిగారికి ఇవ్వడం మాట అటుంచి తమ్ముడి మందులకే దిక్కుండదు.

ఆయన నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నువ్వు పట్టుకో."

"నేను స్టీరింగు పట్టుకోవాలి సార్."

"ఎత్తి బండిలో పెట్టడానికేం?"

"ఎక్కడ పెట్టమంటారు సార్? కింద పెట్టకూడదు, సీటు మీద పెట్టకూడదు. ఒళ్ళో పెట్టాలి. నా ఒళ్ళో స్టీరింగుంది."

నా జీవితంలో ఆఫీసరుతో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఈలోగా జనం మూగారు. ఉల్లిపాయల వర్తకుడు అందరికన్నా ముందున్నాడు. చేతులు నలుపుకుంటూ అన్నాడు. "సార్, మీకెందుకు శ్రమ? మా కొట్లో వదిలెయ్యండి. రేపు మీరొచ్చేదాకా కంటికి రెప్పలా చూసుకుంటాం."

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ ఘొల్లుమన్నారు. ఆఫీసరు గారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన వంగి, పెట్టెను రెండు చేతులతో ఎత్తుకున్నారు. ఎత్తగానే ఆయన ముఖం మారింది. అంత బరువుంటుందని అనుకోలేదు.

ఆయన ముందు సీట్లో నా పక్కన పెట్టెతో కూర్చున్నారు. పెట్టెమ్మ వెనక్కెక్కి, ఖాళీ చేతులు పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. వెలుతురింకా బాగానే ఉంది. నేను రోజూ నడిపినట్టే నడిపాను. ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఆ మాట దేవుడి ముందైనా చెప్తాను.

మొదటి కల్వర్టు దగ్గరే పెట్టె ఎగిరి ఆయన తొడల మీద పడింది. "అబ్బా!" అన్నారు. రెండో దాని దగ్గర పెట్టె అంచు పొట్టలో గుచ్చుకుంది. ఫోను మోగింది, తీయడానికి చెయ్యి లేదు. ముక్కు దురదపెట్టినట్టుంది, భుజానికేసి రుద్దుకున్నారు. కాసేపటికి నేను చూడటం లేదనుకుని పెట్టెను మెల్లగా సీటు మీదికి జరిపారు. లోపల సన్నగా గలగలమంది. నేను బండి ఆపేశాను.

"ఏమైందయ్యా?"

"లోపల కదులుతున్నాయి సార్."

ఆయన దాన్ని మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. బండి కదిలింది.

"కొంచెం మెల్లిగా" అన్నారు.

మెల్లిగానే పోనిచ్చాను. మెల్లిగా పోతే గోతులు తగ్గవు, ఎక్కువసేపు ఉంటాయి.

ఆయన అద్దంలోకి చూశారు. పెట్టెమ్మ కళ్ళు మూసుకునే ఉంది. పాత వంతెన దాటాక ఒక పెద్ద గొయ్యి ఉంది. దానికి ముందు ఆమె భుజాలు లేచాయి. ఒళ్ళో ఏమీ లేదు, అయినా లేచాయి. బండి గోతిలో పడి లేచింది. ఆమె భుజాలు దిగాయి. పెట్టె ఆయన మోకాలి చిప్ప మీద పడింది. ఇంకో మలుపు దగ్గర మళ్ళీ అలాగే జరిగింది. మూడోసారి ఆయన రోడ్డును వదిలేసి అద్దంలో ఆమె భుజాలనే చూడసాగారు. అవి లేవగానే తనూ మడమలు లేపారు. పెట్టె ఆయన ఒళ్ళో తేలికగా లేచి తేలికగా దిగింది.

"గొయ్యి వస్తోందని నీకెలా తెలుస్తోందమ్మా, కళ్ళు మూసుకుని?"

"విశ్రాంతిలో ఉన్నాను సార్" అంది కళ్ళు తెరవకుండా.

దారి మధ్యలో టీ కొట్టుంది. రోజూ అక్కడ ఆగుతాం. రోజూ పెట్టెమ్మ బండి దిగదు, నేనే తెచ్చిస్తే పెట్టె మీద చెయ్యి తీయకుండా ఒక చేత్తో తాగుతుంది. ఆ రోజు దిగింది. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, గ్లాసును రెండు చేతులా పట్టుకుని, ఊదుకుంటూ తాగింది. కొట్టువాడు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏంటమ్మా, పెట్టె పురుడు పోసుకుందా? ఒళ్ళు ఖాళీగా ఉంది?"

"పెట్టెను సార్ దత్తత తీసుకున్నారు" అన్నాను.

ఆఫీసరు గారు బండిలోంచే తాగబోయారు. గ్లాసు వేడి. చెయ్యి మార్చుకోవడానికి రెండో చెయ్యి లేదు. టీ సగం చొక్కా మీద ఒలికింది. నేను గుడ్డ ఇచ్చాను. ఆయన తుడుచుకుని, గ్లాసు నాకిచ్చేసి, పెట్టెమ్మను పిలిచారు.

"అమ్మా, ఒకసారి దీన్ని కాసేపు పట్టుకో. కాళ్ళు తిమ్మిరెక్కాయి. దిగి నిలబడతాను."

ఆమె గ్లాసు కింద పెట్టి దగ్గరికి వచ్చింది. చేతులు చాచలేదు.

"ఆ కాసేపూ ఏమని రాస్తారు సార్?"

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె ముఖంలోకి చూశారు. తర్వాత పెట్టె వంక చూశారు. టీ కొట్టువాడు కూడా టీ కలపడం ఆపాడు.

"నేను పొగరుతో అడగడం లేదు సార్" అంది ఆమె. "ఇంటి దగ్గర నా తమ్ముడున్నాడు. వాడి దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి ఒకటో తారీకున మానేస్తానంటోంది. కూర్చోవడం పని అని ఆమెకు తెలుసు, అందుకే ఊరికే కూర్చోనంటోంది. తప్పు ఆమెదీ కాదు. ఇది పనో కాదో మీరు చెప్పండి. కాదంటే ఇంటిదాకా మీరే పట్టుకోండి. అవునంటే ఇవ్వండి, రోజూ పట్టుకుంటాను."

రోడ్డు మీద ఒక లారీ పోయింది. దుమ్ము మా మీద పడింది.

"పనే" అన్నారు చివరికి.

"రాయండి సార్."

"ఆఫీసుకు వెళ్ళాక రాస్తానమ్మా."

"ఆఫీసుకు వెళ్ళేసరికి మీ కాళ్ళ తిమ్మిరి పోతుంది సార్."

టీ కొట్టువాడు ముఖం అటు తిప్పుకున్నాడు. ఆఫీసరు గారు కోప్పడతారనుకున్నాను. ఆయన నవ్వారు, బాధతోనే గానీ నవ్వారు. "రాయాలంటే చేతులు కావాలి. చేతులు కావాలంటే నువ్వు దీన్ని పట్టుకోవాలి. నువ్వు పట్టుకోవాలంటే నేను రాయాలి. ఎలాగమ్మా?"

దానికి నా దగ్గర ఉపాయముంది. బండి లాగ్ బుక్కులోంచి ఒక తెల్ల కాగితం చింపి, పెట్టె మూత మీద పరిచి, రెండు మూలలూ నా వేళ్ళతో అదిమిపెట్టాను. పెట్టె ఆయన ఒళ్ళోనే ఉంది. ఎడమచేత్తో దాన్ని పొదివి పట్టుకుని, కుడిచేత్తో మూత మీద రాశారు. అక్షరాలు వంకర పోయాయి. వెనక్కి తీసుకోబోతారేమోనని నేను మూలలు వదల్లేదు.

"ప్రమాణ తూనికల పెట్టెను ఒళ్ళో ఉంచుకొని చేయు ప్రయాణము, ఐదు గంటల తరువాత అయినను, విధి నిర్వహణగానే పరిగణించవలెను. నేను స్వయముగా పరీక్షించితిని." కింద సంతకం.

పెట్టెమ్మ ఆ కాగితాన్ని చదివి, మడిచి, పాత కాగితం పక్కనే సంచీలో పెట్టుకుంది. అప్పుడు చేతులు చాచింది. పెట్టెను అందుకుని, మూత మీద పడ్డ టీ చుక్కను తోలుగుడ్డతో తుడిచి, వెనక్కెళ్ళి కూర్చుంది. ఆఫీసరు గారు దిగి, కాళ్ళు విదిలించుకుంటూ బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు.

ఆ సాయంత్రమే కాగితం పిన్నిగారికి చూపించింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"డబ్బులెప్పుడొస్తాయి?"

"పైవాళ్ళు ఒప్పుకోవాలి పిన్నీ."

"అంటే ఇంకా గాలిలో దీపమే."

"దీపమంటూ వెలిగింది కదా."

పిన్నిగారు తమ్ముడి వైపు చూసింది. అతను ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు. సూది పట్టుకుని, గుండీ కుట్టకుండా కూర్చున్నాడు. "సరే, ఆసుపత్రి వాళ్ళను ఇంకో నెల ఆగమంటాను. ఒక్క నెలే" అందావిడ. అప్పుడు అతనికి నోరు లేచింది. "ఇంకో నెల నీ వంటే తినాలా అక్కా!"

పైవాళ్ళు రెండుసార్లు ప్రశ్నలు వేసి పంపారు. ఒళ్ళో కాకుండా వేరే విధంగా తేవచ్చు కదా అన్నది ఒక ప్రశ్న. దానికి జవాబు ఆఫీసరు గారే రాశారు. నేను చూడలేదు గానీ, అందులో మోకాలి చిప్ప ప్రస్తావన ఉందని గుమస్తా చెప్పాడు. నెలాఖరుకు జీతంతోపాటు ఆమెకు ఆ గంటల సొమ్ము కూడా వచ్చింది. పిన్నిగారు ఆసుపత్రికి వెళ్ళలేదు.

మంజూరు ఉత్తర్వు నకలు బండిలోనే చదువుకుంది పెట్టెమ్మ. పెట్టె ఒళ్ళో ఉంది. బాట్లను ల్యాబులో పరీక్షకు అప్పగించి రావాలి, ఆ దారిలోనే ఉన్నాం.

"అన్నా, ఇక్కడ చూడు. 'పెట్టె ఒళ్ళో ఉన్నంతసేపు' అని రాశారు."

"మంచిదే కదా."

"ఇప్పుడు పెట్టె ల్యాబులో ఇచ్చేస్తాం. ఐదు దాటాక ఒట్టి ఒళ్ళుతో తిరిగొస్తాం. సర్కారు పంపితేనే కదా ఇంత దూరం వెళ్ళింది? దాని సంగతేంటి?"

అద్దంలో చూశాను. అప్పటికే పెట్టె మూత మీద తెల్లకాగితం పరిచింది. ఎడమచేత్తో పెట్టెను పొదివి పట్టుకుంది. కుడిచేతిలో కలముంది. పాత వంతెన వస్తోంది.

"అన్నా" అంది. "కొంచెం మెల్లిగా పోనియ్యి."